గుడ్డకు ఏది పైవైపు

జనవరి 18, 1949, మంగళవారం. సూర్యాపేట.

పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం మూడింటికల్లా నక్షా గీతలన్నీ గుడ్డ మీదికి దించేశాను. పొలాలు కొలిచే ఆమీను ఖాదర్ సాహెబు రేపు మిర్యాలగూడ ఆఫీసుకు బదిలీ మీద పోతున్నారు. తన కొలతల కాగితాలన్నీ వెంట తీసుకుపోతారు. అందుకే ఆ పెన్సిలు నక్షా మాకు ఒక్కరోజుకే ఇచ్చారు.

అందులో పెద్దగా ఏమీ లేదు. కోదాడ అవతల అనంతగిరి పొలాల్లో పాత కాలువ, నిట్టనిలువుగా ఒక గీత. దాని నడుమ నుంచి పక్కకు విరిగే కొత్త పిల్లకాలువ. అడుగున ఒక మూలకు పేరు రాసుకునే ఖాళీ గడి. అంతే.

మొదట పరిచిన గుడ్డ సిరాతో కాలువలు గీశాక పాడయింది. మా ఆయన చెయ్యి తగిలి మంచినీళ్ళ చెంబు ఒరిగింది. కాగితం మీద పరిస్తే కింది గీతలు కనిపించే ఈ ట్రేసింగ్ గుడ్డ మీద నీటిచుక్క పడితే పొక్కులు లేస్తాయి, ఇక పనికిరాదు. చెంబు అక్కడ ఉందని నేను ముందే చెప్పవలసింది. దాన్ని పక్కన పడేసి ఇంకో ముక్క కోశాను.

ఆయన పక్కన కూర్చుని పెట్టెలోంచి ఒక్కొక్కటీ అందించారు. వేలితో తడిమి, "ఇది డివైడర్. ఇది పర్కార్, ఇంకుది గాదు, పెన్సిల్‌ది. మూలమట్టం నీ మోచేతి కింద ఉండాలె, సూడు" అన్నారు. ముప్పై ఏళ్ళుగా కాలువల ఆఫీసు నక్షాలకు అవే పనిముట్లు. "గుడ్డకు గరుకు దిక్కు పైకి పెట్టు. నునుపు దిక్కు సిరా నిలువది" అని రెండుసార్లు చెప్పారు.

ఎవరు అడిగినా ఇది ఆయన చేతి పనే. ఆయన కళ్ళకు ఏమీ కాలేదు. ఆఫీసులో వెలుతురు తక్కువ, అందుకని ఇంటికి తెచ్చుకుంటున్నారు. ఇంకో ఏడాదిన్నర గడిస్తే పెన్షను.

జనవరి 19, బుధవారం.

అక్షరాలు రాశాను. ఈ ఏడాది నుంచి నక్షాల మీద ఉర్దూ రాయకూడదని బెజవాడ నుంచి వచ్చిన కొత్త ఓవర్సీరు జనార్దనరావు గారు చెప్పారట. అంతా ఇంగ్లీషులోనే ఉండాలి. మిషన్ బడిలో దొరసాని కొట్టి నేర్పిన అచ్చక్షరాలు ఇన్నాళ్ళకు పనికొచ్చాయి.

"ఉర్దూ నక్షాకు పేరుగడి ఎడమ మూలకు ఉంటది. ఇంగ్లీషుదానికి కుడి మూలకు. యాదుంచుకో" అన్నారు ఆయన. గుడ్డ చుట్ట విప్పి, గడి కుడివైపుకు వచ్చేటట్టు పరుచుకుని రాశాను.

సిరా ఇవాళ మొండికేసింది. గుడ్డను అంటకుండా పూసల్లా నిలబడింది. సుద్దపొడి మూడుసార్లు రుద్దితే గాని నిలవలేదు. గాలిలో తేమ ఉన్నట్టుంది.

అయ్యాక గుడ్డ బిగించిన పలకతో సహా కిటికీ దగ్గరకు ఎత్తి పట్టుకున్నాను. చూడండి అన్నాను. ఆయన చెయ్యి చాపారు. ముట్టుకోవద్దు, సిరా ఆరలేదన్నాను. చేతులు వెనక్కి కట్టుకుని పెద్ద ఆఫీసరులాగా చాలాసేపు చూశారు. "మంచిగున్నది" అన్నారు. రాసిందంతా మూడుసార్లు చదివి వినిపించాను. బడిపిల్లవాడు పద్యం అప్పజెప్పినట్టు వెంటవెంట అన్నారు.

జనవరి 22, శనివారం.

ఓవర్సీరు గారు మెచ్చుకున్నారట. "ఏమండీ మత్తయ్యగారూ, ఇంత చక్కటి ఇంగ్లీషు చేతిరాత పెట్టుకుని ఇన్నాళ్ళూ ఉర్దూలో దాచేశారేం?" అన్నారట. ఆయన నవ్వుతూ చెప్పారు. నేను కూడా నవ్వాను. లోపల ఎంత పొంగిపోయానో ప్రభువుకే తెలుసు. గర్వం పాపం.

పాడైన గుడ్డను వేడినీళ్ళలో ఉడికించి గంజి వదిలించాను. అడుగున ఎంత మెత్తని నూలుందో. నునుపూ లేదు, గరుకూ లేదు, రెండు వైపులా ఒకటే అయింది. సిరా గీతలు మాత్రం పచ్చబొట్టులాగా లోపలికి దిగి ఉన్నాయి. అంచుకు లేసు అల్లి, మా గుడిలో ప్రభు బల్ల మీద రొట్టెకు కప్పడానికి ఇస్తాను. అంత దూరానికి గీతలు ఎవరికీ కనిపించవు.

ఫిబ్రవరి 6, ఆదివారం.

ప్రభు బల్ల. రొట్టె మీద నేను కుట్టిన గుడ్డ. పాస్టరు గారు లేసు బాగుందన్నారు. ప్రార్థనలో కళ్ళు మూసుకోలేదు. సన్నగా పిల్లకాలువ కనిపించింది, ఎడమకు విరిగి.

ఫిబ్రవరి 17, గురువారం.

అనంతగిరి నుంచి బక్కమ్మ వచ్చింది. నేను కోదాడ బడిలో చెప్పే రోజుల్లో దీని చెల్లెలు నా దగ్గర చదివింది. భర్త పోయి నాలుగేళ్ళు. కోదాడలో బస్సెక్కి, ఇక్కడ దిగి, ఎవరినో అడుక్కుంటూ ఇల్లు పట్టుకుంది.

"అర్జీ రాసియ్యాలె పంతులమ్మ. ఇంగిలీసుల రాయాలంట. తెలుగుల ఏడిస్తే వాళ్ళకు ఇనవడదట."

ఏమయిందని అడిగాను.

"నా బాయి నడుమకెల్లి కాలువ పోతదంట. సున్నం పూసిన గూటాలు కొట్టి పోయిన్రు. మా ఆయన తవ్విండు, నేను తట్ట మోసిన. రెండు ఎండకాలాలు. పైన రెండెకరాలు ఆ బాయి మీదనే బతుకుతున్నయ్. ఆ కొత్త సారును అడిగిన, అయ్యా, నా బాయి మీకు అవుపడ్తలేదా అని. 'కాగితంలో నీ బావి లేదమ్మా' అన్నడు. కాగితంల లేకపాయె, మరి నేను తాగేది సిరానా?"

ఏ కాలువ అని అడిగాను. అడగకముందే నాకు తెలుసు. ఆమె అనంతగిరి అన్నప్పుడే తెలుసు.

"కొలిచిన నాడు ఆమీను సాబు నా చింతచెట్టు కిందనే కూసొని చల్ల తాగిండు. 'బక్కమ్మా, నీ దిక్కు రాదు, ఎడమ దిక్కు పడావు వడ్డ బీడు భూమిలకెల్లి పోతది' అన్నడు. ఎడమ దిక్కు సర్కారు పడావే, దొర కంప కొట్టి దున్నుకుంటున్నడు. ఇప్పుడు జూడు, దొర భూమి బచాయించె, నా బాయి పాయె. ఎవడో నక్షా రాసినోడు దొర ఇంట్ల అన్నం తిన్నడంట. ఆ అన్నం అరగొద్దు వానికి."

ఆయన లోపలి గదిలో పనిముట్లు తుడుచుకుంటున్నారు. గుడ్డతో ఇనుము తుడిచే చప్పుడు ఆగిపోయింది.

అర్జీ రాశాను. నాలుగు పేరాలు, తప్పు లేకుండా. మజ్జిగ ఇచ్చి పంపాను. "నీ చేతులు సల్లగుండ" అంది.

ఫిబ్రవరి 18, శుక్రవారం.

ఎడమ అంటే ఏది? నీళ్ళ వెంట నడిస్తే ఒకటి ఎడమ, నీళ్ళకు ఎదురుగా నిలబడితే ఇంకొకటి ఎడమ. ఆమీను గారు ఎటు తిరిగి నిలబడి అన్నారో బక్కమ్మకేం తెలుసు.

నేను దించింది దించినట్టే ఉంది. ఆయన చూశారు కూడా.

మార్చి 6, ఆదివారం.

ప్రభు బల్ల. ఈసారి కాలువ కుడికి విరిగింది.

గుడిపెద్ద గుడ్డను తిప్పి వేసి ఉంటాడు. ఆ గుడ్డకు రెండు వైపులూ ఒకటే గదా. పోయిన నెల తిప్పి వేశాడా, ఈ నెల తిప్పి వేశాడా? పాస్టరు గారు రొట్టె విరుస్తుంటే నేను లెక్కలు కట్టుకుంటున్నాను. పాత్ర నా దగ్గరకు వచ్చినప్పుడు పక్కనావిడ మోచేత్తో పొడిచింది.

ఆ మంగళవారం నా చేతి కింద గీత ఎటు విరిగిందో ఎంత తలచుకున్నా గుర్తు రాదు. చెయ్యి వణకకూడదన్నదే గుర్తుంది.

మార్చి 9, బుధవారం.

ఆయనను అడిగాను. ఆ రోజు పరీక్షగా చూశారా అని.

"సూడకుండ సంతకం వెడ్తనా?" అన్నారు.

అన్నం తినేటప్పుడు పచ్చడి కోసం చెయ్యి కంచం పక్కన నేల మీద వెతికింది. కంచం కొంచెం జరిపాను. ఎండలో తిరిగి వచ్చారు, కళ్ళు బైర్లు కమ్మి ఉంటాయి.

మార్చి 15, మంగళవారం.

బక్కమ్మ మళ్ళీ వచ్చింది. అర్జీకి జవాబు వచ్చింది, చదివి చెప్పమంది. నక్షా ప్రకారమే పని జరుగుతుంది, ఏప్రిల్ పదకొండున తవ్వకం మొదలు.

"ఏమన్నరు?" అంది.

చెప్పాను.

"గట్లనా." కాసేపు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీనికి ముందేది, ఎనకేది పంతులమ్మ? నాకు రెండు దిక్కులా ఒక్క తీర్గనే ఉన్నది."

మార్చి 16, బుధవారం.

ఈ పుస్తకంలో జనవరి పేజీ తీశాను. "సిరా ఇవాళ మొండికేసింది. గుడ్డను అంటకుండా పూసల్లా నిలబడింది." నా చేతిరాతే.

నునుపు దిక్కు సిరా నిలువదు.

గాలిలో తేమ ఉండి ఉంటుంది. జనవరిలో తేమ ఉంటుంది.

మార్చి 17.

తేమ.

మార్చి 24, గురువారం.

ఆయన మీద ఆకాశరామన్న అర్జీ పడింది. నక్షానవీసు మత్తయ్య దొరకు అమ్ముడుపోయి కాలువను మళ్ళించాడని. ఓవర్సీరు గారు పిలిచి అడిగారట. "మీ మాట మీద నాకు నమ్మకం ఉందండీ. కానీ పైనుంచి అడిగితే నేనేం చెప్పను?" అన్నారట.

ఆయన ఇంటికి వచ్చి పనిముట్ల పెట్టె ముందు కూర్చున్నారు. ముప్పై ఏళ్ళలో దొర గడప తొక్కలేదు ఈయన. పండుగకు పంపిన కూరగాయల గంప కూడా తిప్పి పంపిన మనిషి.

"నేను తప్పు రాయలే రూతూ. నువ్వు చెప్పు, రాసిన్నా?"

మీరు రాయలేదన్నాను. అది నిజమే.

బైబిలులో ఈ పూట చదవవలసిన అధ్యాయంలో పొలాల గట్టురాళ్ళు జరిపేవాడి మీద శాపం మాట వస్తుంది. దాటేసి తరువాతిది చదివాను.

ఏప్రిల్ 3, ఆదివారం.

గుడికి పోలేదు. తలనొప్పి అన్నాను. తలనొప్పి లేదు.

ఏప్రిల్ 5, మంగళవారం. మిర్యాలగూడ నుంచి వచ్చాక.

మిర్యాలగూడలో జబ్బుగా ఉన్న స్నేహితురాలిని చూసి వస్తానని ఆయనతో చెప్పి మొదటి బస్సు ఎక్కాను. అలాంటి స్నేహితురాలు లేదు.

సంచిలో డివైడర్ వేసుకున్నాను, ఖాదర్ సాహెబు కాగితం మీద దూరాలు కొలిచి చూడవచ్చని. దారిలో మిలిటరీ వాళ్ళు బస్సు ఆపి అందరినీ దింపారు. ఒక సిపాయి దాన్ని బయటికి తీసి, రెండు ముళ్ళూ చూసి ఇదేమిటని అడిగాడు. దూరం కొలిచేది అన్నాను. "ఎంత దూరం?" అన్నాడు. నవ్వులాటకే అడిగాడు. నేను జవాబు వెతుక్కుంటుంటే తిరిగి సంచిలో పడేశాడు.

ఖాదర్ సాహెబు బాగా చిక్కిపోయారు. వాకిట్లో తలుపు సగమే తీసి, నన్ను గుర్తుపట్టి పూర్తిగా తీశారు. "రండ్రి అమ్మ. రాజ్యం మారిన సంది మా ఇంటికి ఎవ్వరు వస్తలేరు. మత్తయ్య ఎట్లున్నడు? కళ్ళు ఎట్లున్నయ్?"

కళ్ళా అన్నాను.

"మోతిబిందు గదమ్మ, కంట్ల పొర. నాకు రెండేండ్ల సంది ఎరుకే. ఆఫీసుల అందరికి ఎరుకే, ఆ కొత్త సారుకు దప్ప. నేనే ఇంటికి తీస్కపో అని చెప్పిన."

అందరికీ తెలుసట. ఎవరికీ తెలియకుండా దాచింది నేనొక్కదాన్నే, అదీ నా నుంచి.

అనంతగిరి నక్షా చూపించమని అడిగాను. ఎందుకని అడగలేదు. చుట్ట తెచ్చి చాప మీద పరిచి నాలుగు మూలలా గ్లాసులు పెట్టారు. పేరుగడి ఎడమ మూలకు. పిల్లకాలువ ఎడమకు. సంచిలోంచి డివైడర్ తీయవలసిన పని లేకపోయింది. అయినా తీశాను.

"ఇది ఏ దిక్కు?" అన్నాను.

"పొద్దుగూకే దిక్కు, దొర కంప కొట్టిన పడావులకెల్లి. దీనికి ఎదురు దిక్కు బక్కమ్మ బాయి ఉండె. ఆమె చల్ల తాగిన, అబద్ధం ఆడ్తనా?"

ఇంగ్లీషు పేరు కోసం గడి కుడివైపుకు రావాలని గుడ్డను నేనే తిప్పేశానని చెప్పాను. సాహెబు గడ్డం నిమురుకున్నారు.

"నక్షా తిరగేస్తే దునియా తిరగవడ్తదా అని నవ్వేటోళ్ళం అమ్మ, నేను, మత్తయ్య." తలుపు వైపు చూశారు. "తిరగవడ్డది సూడు."

ఏప్రిల్ 6, బుధవారం.

చెప్పాను. పొద్దున కాఫీ ఇచ్చి, గ్లాసు ఆయన చేతికి తాకించి, అప్పుడు చెప్పాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"నువ్వు ఆఫీసుకు రావొద్దు. నేనే తప్పు రాసిన్నని చెప్తా."

అలా చెబితే దొరకు అమ్ముడుపోయారన్నది నిజమవుతుందన్నాను.

"కానియ్యి."

నేను చెబితే కళ్ళ సంగతి బయటపడుతుంది. ఆయన చెబితే మాట పోతుంది. ఎవరం చెప్పకపోతే సోమవారం బక్కమ్మ బావి పోతుంది. మోకాళ్ళ మీద చాలాసేపు ఉన్నాను. ఏమి అడగాలో తెలియక, ఏమీ అడగకుండానే లేచాను.

ఏప్రిల్ 7, గురువారం.

ఆయన వెళ్ళిన అరగంటకు నేనూ వెళ్ళాను. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆ ఆఫీసు లోపలికి పోవడం ఇదే మొదలు. ఆయన అప్పటికే ఓవర్సీరు గారి బల్ల ముందు నిలబడి ఉన్నారు. నా చెప్పుల చప్పుడుకే తల తిప్పారు.

ఓవర్సీరు గారు లేచి కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు. బల్ల మీద అనంతగిరి గుడ్డ పరిచి ఉంది. అనుమతి అడిగి, రెండు అంచులూ పట్టుకుని తిప్పి వేశాను. అంతే చేశాను. అక్షరాలన్నీ అద్దంలో లాగా వెనక్కి పోయాయి. పిల్లకాలువ తన చోటికి వచ్చింది.

"ఖాదర్ సాహెబు కొలిచింది ఇదండీ. కాగితం మిర్యాలగూడలో ఉంది, నిన్నగాక మొన్న చూసి వచ్చాను. గీతలు గరుకు వైపు, అక్షరాలు నునుపు వైపు పడ్డాయి. తిప్పింది నేను. ఇంగ్లీషు అక్షరాలు నావి."

"కాదు సార్" అన్నారు ఆయన. "ఆమెకేం ఎరుక. అది నా చేతిరాత. తప్పు నాది."

ఓవర్సీరు గారు ఇద్దరి వైపూ చూశారు. చెడ్డ మనిషి కాదు, అలిసిపోయిన మనిషి. "సరే మత్తయ్యగారూ, మీ చేతిరాతే అంటున్నారుగా. ఏం రాశారో ఒకసారి చదవండి" అని గుడ్డ తీసి ఆయన చేతికి ఇచ్చారు.

ఆయన దాన్ని ఎత్తి పట్టుకుని, గొంతు సవరించుకుని చదివారు. అనంతగిరి పిల్లకాలువ. అంగుళానికి అరవై ఆరు అడుగులు. కొలిచిన వారు, దించిన వారు, తారీఖు. ఒక్క మాట తడబడలేదు. ఎంత చక్కగా చదివారో. జనవరిలో నేను అప్పజెప్పించుకున్న వరసలోనే.

గుడ్డ ఆయన చేతిలో తలకిందులుగా ఉంది.

ఆఫీసు జవాను గోడవైపు చూశాడు. ఓవర్సీరు గారు, "కూర్చోండి మత్తయ్యగారూ" అన్నారు. మునుపటికంటే చిన్నగా అన్నారు. కుర్చీ ఎక్కడుందో ఆయనకు నేనే చూపించాను. అందరి ముందూ చెయ్యి పట్టుకుని.

ఏప్రిల్ 8.

ఆయన మాట్లాడలేదు.

ఏప్రిల్ 12, మంగళవారం.

గూటాలు పీకేశారు. నిన్న తవ్వకం మొదలు కాలేదు. దొర మనుషులు పడావు దగ్గర అల్లరి చేశారట, అది ఓవర్సీరు గారి తలనొప్పి.

ఆయనను సెలవు మీద ఉండమన్నారు. ఇక రానక్కరలేదనే అర్థం. పెన్షను సంగతి హైదరాబాదు తేలుస్తుందట. అమ్ముడుపోయాడన్న మాట మాత్రం కొట్టేశారు. చూపు లేని మనిషిని దొర ఎందుకు కొంటాడు అన్నారట ఎవరో, నవ్వుతూ.

బక్కమ్మ వచ్చింది. ఎవరు చెప్పారో, అంతా తెలుసు. మెట్టు మీదనే కూర్చుంది, చాప మీదికి రాలేదు.

"నా బాయి తీసింది నువ్వే, నా తరఫున అర్జీ రాసింది నువ్వే. ఇంక వకీలెందుకు నాకు."

మజ్జిగ ఇచ్చాను. తాగింది. గ్లాసు కడిగి బోర్లించి లేచింది. లోపలి గది వైపు చూసి, "సారుకు శాపం వెట్టిన ఆనాడు. అరగొద్దని. ఎరుక లేక" అంది. మళ్ళీ వస్తానని చెప్పకుండా వెళ్ళింది.

ఏప్రిల్ 17, ఆదివారం. పునరుత్థాన పండుగ.

పాటలు పాడాను. ఏం పాడానో తెలియదు.

ఏప్రిల్ 29, శుక్రవారం.

జవాను ఒక చుట్ట తెచ్చాడు. కొత్త ట్రేసింగ్ గుడ్డ, ఖాదర్ సాహెబు పెన్సిలు కాగితం, ఒక చీటీ. అనంతగిరి నక్షా తిరిగి దించి ఇవ్వమని. ఎవరు దించాలో చీటీలో లేదు.

ఆయన విని, "పెట్టె తీస్కరా" అన్నారు. మూడు వారాల తరువాత అది మొదటి మాట.

మే 1, ఆదివారం.

ప్రభు బల్ల. రొట్టె మీద కాలువ ఎడమకు ఉందో కుడికి ఉందో చూశాను, కాని ఇప్పుడు గుర్తు లేదు. ఆ గుడ్డకు రెండు వైపులూ ఒకటే. ఉండనీ.

మధ్యాహ్నం పని మొదలుపెట్టాం. కాగితం మీద కొత్త గుడ్డ పరిచాను. నునుపు, గరుకు చూసుకున్నాను. అయినా అనుమానమే. తీసి మళ్ళీ తిప్పాను. మళ్ళీ తిప్పాను. ఎండ కిటికీలోంచి పడుతుంటే రెండు వైపులా మెరుస్తున్నట్టే ఉంది.

ఆయన చెయ్యి చాపారు. "ఇటు తే."

అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఒక్కసారి రుద్దారు. రెప్పపాటు కూడా పట్టలేదు.

"ఇది గరుకు. ఇది పైకి వెయ్యి."

నేను అలాగే పలక మీద పరిచాను. జనవరిలో చూడండి అని కిటికీ దగ్గర ఎత్తి పట్టుకున్నాను. ముట్టుకోవద్దన్నాను.

"ఇట్ల ముట్టనిస్తే ఆ నాడు కూడ చెప్తుంటి గద" అన్నారు ఆయన. నింద లేదు ఆ మాటలో. రూలింగ్ పెన్ను వెతికి, మొన తడిమి, నా చేతికి ఇచ్చారు.